పిల్లలతో హైదరాబాద్‌కు.. వారం చూసి బయల్దేరాలి

సెలవులు వస్తే జిల్లాల నుంచి పిల్లాపాపలతో రాజధానికి తరలివచ్చే కుటుంబాలకు కొదవ ఉండదు. బంధువుల ఇంట్లో ఒక రాత్రి బస, రెండు రోజుల తిరుగుడు, చేతిలో లెక్కగా పెట్టుకున్న కొద్దిపాటి సొమ్ము. ఇంత చేసి తీరా వెళ్లేసరికి గేటుకు తాళం కనిపిస్తే పిల్లల మొహాలు చిన్నబోతాయి, ఆటో కిరాయి వృథా అవుతుంది. హైదరాబాద్‌లో చూడదగిన ప్రదేశాలకు లోటు లేదు. వాటి వారాంతపు సెలవులు, అవి ఉన్న దిక్కులు తెలియకపోవడమే చాలా కుటుంబాలకు ఇబ్బందిగా మారుతోంది. ఈ రెండూ ముందుగా చూసుకుంటే తక్కువ ఖర్చుతో, పిల్లలు అలసిపోకుండా నగరాన్ని చూపించవచ్చు.

శుక్ర, సోమవారాలతోనే చిక్కు

సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియాలకు శుక్రవారం సెలవు. నెహ్రూ జూలాజికల్ పార్కుకు సోమవారం సెలవు. అంటే శుక్రవారం పాతబస్తీకి వెళ్లినవారికి చార్మినార్, జూ లాంటివే మిగులుతాయి. ఆదివారం బంధువుల ఇంట శుభకార్యం చూసుకుని, సోమవారం పిల్లలను జూకు తీసుకెళ్దామనుకునేవారికీ నిరాశే ఎదురవుతుంది. ఆదివారం అన్నీ తెరిచే ఉన్నా రద్దీ ఎక్కువ. వీలున్నవారు మంగళ, బుధ, గురువారాల్లో ఏ రెండు రోజులు ఎంచుకున్నా పైన చెప్పిన ఏ గేటు ముందూ వెనుదిరగాల్సిన పని ఉండదు. పండుగ రోజుల్లో వేళలు మారే అవకాశం ఉన్నందున ఒకసారి వాకబు చేసుకోవడం మేలు.

దిక్కుల విషయానికి వస్తే నగరంలోని ప్రధాన ఆకర్షణలను మూడు గుంపులుగా చూడవచ్చు. మూసీకి దక్షిణాన పాతబస్తీ, నగరం నడుమ హుస్సేన్‌సాగర్ పరిసరాలు, పడమర గోల్కొండ. ఒకే రోజు ఈ మూడింటి మధ్య తిరిగితే సగం పొద్దు ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది. ఒక పూటకు ఒక దిక్కు అన్న నియమం పెట్టుకుంటే చాలు.

పాతబస్తీ: ఒక రోజు కేటాయించాల్సిందే

బహదూర్‌పురాలోని నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబర్ 6న ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మీర్ ఆలం చెరువును ఆనుకుని సుమారు 380 ఎకరాల్లో విస్తరించిన ఈ పార్కును కాలినడకన పూర్తిగా చూడటం పెద్దలకే కష్టం. ఎండ ముదరక ముందు జంతువులు చురుగ్గా కదులుతుంటాయి గనుక ఉదయం గేటు తెరిచే సమయానికి చేరుకోవడం ఉత్తమం. సింహాల సఫారీ, రాత్రి వేళ సంచరించే జంతువుల గృహం, పిల్లల రైలు ఇక్కడి ప్రధాన ఆకర్షణలు. పగటిని రాత్రిగా భ్రమింపజేసే మసక వెలుతురులో గబ్బిలాలు, దేవాంగ పిల్లులు కదలడం పిల్లలకు కొత్త అనుభవం. జూకు సమీపంలోనే సుధా కార్ల మ్యూజియం ఉంది. బ్యాటు, బూటు, పుస్తకం, బర్గర్ ఆకారాల్లో నడిచే కార్లను ఇక్కడ చూడవచ్చు. ఈ కార్ల రూపకర్త సుధాకర్ యాదవ్ తయారుచేసిన భారీ మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్ రికార్డుకెక్కింది.

మధ్యాహ్నపు ఎండకు సాలార్‌జంగ్ మ్యూజియం సరైన చోటు. నిజాం సంస్థానంలో ప్రధానిగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితకాలమంతా సేకరించిన వస్తువులే దీనికి మూలధనం. ఆయన 1949లో మరణించగా, 1951 డిసెంబర్ 16న నాటి ప్రధాని నెహ్రూ ఈ మ్యూజియాన్ని దివాన్ దేవిడీలో ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనంలోకి 1968లో మారింది. గదుల నిండా ఉన్న వస్తువులన్నీ పిల్లలకు ఒకేసారి చూపించబోతే విసుగెత్తుతుంది. మూడు వస్తువులను గురిపెట్టుకుంటే చాలు. మొదటిది సంగీత గడియారం. ప్రతి గంటకూ అందులోంచి ఒక బొమ్మ మనిషి బయటకు వచ్చి గంట కొట్టి వెళ్తాడు. పన్నెండు గంటలు మోగే మధ్యాహ్న వేళకు దాని ముందు జనం గుమిగూడతారు. రెండోది ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు రెబెకా. చలువరాతినే పలుచని వస్త్రంలా చెక్కి, ముసుగు వెనుక ముఖం కనిపించేలా చేసిన నేర్పు అందులో ఉంది. మూడోది ఒకే చెక్క దుంగలో ముందువైపు గర్వంగా నిలబడిన దుష్టశక్తి, వెనుకవైపు తల వంచుకున్న అమ్మాయి ఉన్న జంట శిల్పం. వెనుకనున్న అద్దంలో చూస్తేనే రెండో రూపం కనిపిస్తుంది. అద్దం ఎందుకు పెట్టారో పిల్లలనే చెప్పమంటే ఆ శిల్పాన్ని వారు మరిచిపోరు.

సాయంత్రం చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ కట్టడాన్ని నిర్మించాడు. దీని చుట్టూనే హైదరాబాద్ నగరం రూపుదిద్దుకుంది. ఒక్కో మినార్ ఎత్తు సుమారు 160 అడుగులు. లోపలి మెట్లు ఇరుకైన సుడి మెట్లు కావడంతో చంకలో బిడ్డ ఉన్నవారు, మోకాళ్ల నొప్పులున్నవారు కింది నుంచే చూడటం మంచిది. పక్కనే మక్కా మసీదు, గాజులకు పేరొందిన లాడ్‌బజార్ ఉన్నాయి. చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలోనివి. ఈ రెండు చోట్లా 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు.

చిన్నపిల్లలున్న కుటుంబాలు జూ, మ్యూజియం రెండూ ఒకే రోజు పెట్టుకోకపోవడమే శ్రేయస్కరం. అయిదేళ్ల లోపు పిల్లలకు జూ, హైస్కూలు పిల్లలకు మ్యూజియం ఎక్కువగా నచ్చుతాయి. ఒకటి వదులుకున్నందుకు బాధపడనక్కర్లేదు. నిద్రమొహంతో నాలుగు చోట్లు చూసిన పిల్లలకు చివరకు ఒక్కటీ గుర్తుండదు.

గోల్కొండ: ఉదయమే ఎక్కాలి

రెండో రోజు ఉదయం గోల్కొండతో మొదలుపెట్టవచ్చు. కాకతీయుల కాలంలో మట్టికోటగా మొదలై, కుతుబ్‌షాహీల హయాంలో రాతికోటగా పెరిగింది. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో ఔరంగజేబు వశమైంది. పైనున్న బాలాహిస్సార్ చేరడానికి మూడున్నర వందలకు పైగా మెట్లు ఎక్కాలి. అందుకే ఎండ పడక ముందే బయల్దేరాలి. మంచినీళ్ల సీసాలు వెంట ఉండాలి.

ఫతే దర్వాజా వద్ద గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. ఇందులో మాయ లేదు. గుమ్మటం లోపలి వంపు ధ్వనిని నలువైపులా చెదిరిపోనివ్వకుండా ఒక దిక్కుకు మళ్లిస్తుంది. వాకిట అలజడి రేగితే కొండపైనున్నవారికి క్షణాల్లో తెలిసేందుకు ఈ ఏర్పాటు ఉపకరించేది. ధ్వని పరావర్తనం పాఠం చదివిన పిల్లలను ఇద్దరిని కింద, ఇద్దరిని పైన నిలబెడితే పుస్తకంలోని పాఠం చెవికి వినిపిస్తుంది.

కోటలో రామదాసు చెర వద్ద భద్రాచలం భక్తులు ఆగక మానరు. పాల్వంచ తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న ఖజానా సొమ్ముతో భద్రాచలంలో రామాలయం నిర్మించి, తానీషా ఆగ్రహానికి గురై బందీ అయినది ఇక్కడేనని ప్రతీతి. సాయంత్రం వెళ్లేవారు కోట చరిత్రను వివరించే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన కూడా చూడవచ్చు. ఏ రోజు ఏ భాషలో ఉంటుందో ముందే అడిగి తెలుసుకోవాలి. లేకుంటే తెలుగు మాత్రమే వచ్చిన పెద్దలకు, పిల్లలకు వెలుగులే తప్ప కథ అందదు.

నగరం నడుమ: చెరువు, కొండ, మ్యూజియం

గోల్కొండ నుంచి మధ్యాహ్నానికి నగరం నడుమకు చేరుకుంటే పబ్లిక్ గార్డెన్స్, నౌబత్ పహాడ్, హుస్సేన్‌సాగర్ దగ్గరదగ్గరగా ఉంటాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. రెండు వేల ఏళ్లకు పైబడిన ఈ మమ్మీని ఆరో నిజాం అల్లుడు కొనుగోలు చేయగా, అది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ద్వారా మ్యూజియానికి చేరింది. మమ్మీ పేరు వింటేనే పిల్లలు పరుగులు తీస్తారు. చూశాక భయపడేవారూ ఉంటారు గనుక చిన్నారులకు ముందే నచ్చజెప్పడం మంచిది.

నౌబత్ పహాడ్‌పై బిర్లా మందిరం, దానికి చేరువలో బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం ఉన్నాయి. తెల్లని చలువరాతితో కట్టిన వేంకటేశ్వరాలయం 1976లో, ప్లానెటోరియం 1985లో ప్రారంభమయ్యాయి. సైన్స్ మ్యూజియంలో పిల్లలు తప్పక చూడాల్సింది కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం. ఇది విదేశాల నుంచి తెచ్చిన నమూనా కాదు. గోదావరి లోయలోని యామనపల్లి గ్రామ పరిసరాల్లో బయటపడిన ఎముకలను కూర్చి నిలబెట్టినది. ఇవి ఒక్క జంతువు ఎముకలు కావు. పలు జంతువులకు చెందిన భాగాలను శాస్త్రవేత్తలు జతచేశారు. 15 కోట్ల ఏళ్లకు పైగా వెనుకటి ఈ జీవికి 1988లో పెట్టిన శాస్త్రీయ నామంలో యామనపల్లి పేరు కూడా చేరింది. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కిన సంగతి జిల్లా పిల్లలకు గర్వకారణమే.

సాయంత్రం చల్లబడ్డాక హుస్సేన్‌సాగర్ గట్టుకు చేరుకోవచ్చు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562లో తవ్వించిన ఈ చెరువు వయసు చార్మినార్ కంటే దాదాపు మూడు దశాబ్దాలు ఎక్కువ. లుంబినీ పార్కు నుంచి పడవలో చెరువు నడుమనున్న బుద్ధ విగ్రహం వద్దకు వెళ్లవచ్చు. 58 అడుగుల ఈ ఏకశిలా విగ్రహాన్ని భువనగిరి సమీపంలోని రాయగిరి వద్ద లభించిన రాతితో గణపతి స్థపతి మలిచారు. 1990 మార్చిలో పడవపై తరలిస్తుండగా విగ్రహం నీట మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉన్న విగ్రహాన్ని 1992 డిసెంబర్‌లో వెలికితీసి నిలబెట్టారు. ఈ కథ తెలిసి చూసినవారికి విగ్రహం మరోలా కనిపిస్తుంది. చెరువు పక్కనే 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అదే నెల 30న ప్రారంభమైన కొత్త సచివాలయం దీపకాంతుల్లో కనువిందు చేస్తాయి. పడవ ఎక్కేవారు పెద్దలు, పిల్లలు అన్న తేడా లేకుండా లైఫ్ జాకెట్ అడిగి వేసుకోవాలి.

మూడో రోజు ఉంటే

ఇంకో రోజు చేతిలో ఉంటే మాదాపూర్‌లోని శిల్పారామానికి వెళ్లవచ్చు. గ్రామీణ వృత్తులను ప్రతిబింబించే బొమ్మల మ్యూజియం, చేనేత, హస్తకళల దుకాణాలు ఇక్కడ ఉన్నాయి. కుమ్మరి చక్రం, మగ్గం ఎరుగని నేటి పల్లె పిల్లలకు కూడా అవి వింతగానే తోచవచ్చు. దగ్గరలోని దుర్గం చెరువు నుంచే ఒకప్పుడు గోల్కొండకు తాగునీరు వెళ్లేది. ముందురోజు కోట చూసిన పిల్లలకు ఈ ముక్క చెబితే రెండు చోట్లూ ముడిపడతాయి.

విజయవాడ రహదారిపై ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీకి మాత్రం పూర్తి రోజు కేటాయించాలి. 1996లో ప్రారంభమైన ఈ చిత్రనగరి ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. టికెట్ ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలకు పైనే ఉంటుంది. నలుగురున్న కుటుంబం ఇక్కడ ఒక్క రోజుకు పెట్టే ఖర్చుతో పైన చెప్పిన మ్యూజియాలు, కోట, జూ అన్నీ చూసిరావచ్చు. ఏది ఎంచుకోవాలన్నది ఎవరి స్తోమతను బట్టి వారు ముందే ఇంటి దగ్గర నిర్ణయించుకోవాలి. అక్కడికి వచ్చాక పిల్లల ముందు తర్జనభర్జన పడితే ఎవరికీ సంతోషం మిగలదు.

ప్రయాణం, జాగ్రత్తలు

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను ఆనుకునే మెట్రో స్టేషన్ ఉంది. 2017 నవంబర్‌లో మొదలైన మెట్రోలో ఇక్కడి నుంచి అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్ వైపు ట్రాఫిక్ బెడద లేకుండా వెళ్లవచ్చు. పాతబస్తీకి, గోల్కొండకు సిటీ బస్సులే దిక్కు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతోంది. అందుకు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

రద్దీ ప్రదేశాల్లో పిల్లలు తప్పిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన చీటీని పిల్లల జేబులో ఉంచాలి. ప్రతి చోటా లోపలికి వెళ్లగానే, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక గుర్తు చూపించాలి. కంగారు పడి పిల్లలు ఎటో నడవకుండా ఉన్నచోటే నిలబడాలని చెప్పాలి. అవసరమైతే 112కు గానీ, పిల్లల సహాయవాణి 1098కు గానీ ఫోన్ చేయవచ్చు.

బయల్దేరే ముందు క్యాలెండర్‌లో వారం చూసుకుని, ఒక కాగితంపై పూటకొక దిక్కు రాసుకుంటే సగం పని పూర్తయినట్టే. మిగిలిన సగం పిల్లలే చూసుకుంటారు.