విందు భోజనం వేడిగా ఉంటేనే క్షేమం

పెళ్ళిళ్ళ రోజుల్లో ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల నుండి వాంతులు, విరేచనాలతో వచ్చేవారిని చూస్తుంటాము. అడిగితే, "విందులో తిన్నామమ్మా, కూర బాగానే ఉంది" అంటారు. నిజమే. వాసన, రుచి మారకుండానే ఆహారం జబ్బు చేయగలదు.

బఫే విందులో మూత ఉన్న స్టీలు పాత్రలు చూసే ఉంటారు. వీటిని చేఫింగ్ డిష్ అంటారు. పైన కూర ట్రే, దాని అడుగున నీళ్ళ ట్రే, కింద చిన్న మంట ఉంటాయి. మంట నీళ్ళను కాచుతుంది. ఆ ఆవిరి కూరను మాడనివ్వకుండా వేడిగా ఉంచుతుంది.

అయితే ఇది వేడిని నిలిపే పాత్రే గాని, పొయ్యి కాదు. చల్లారిన కూర పోస్తే చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. క్రిములు పెరగడానికి అదే అనువైన వేడి. 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి త్వరగా పెరుగుతాయి. కొన్ని క్రిములు విడిచే విషం మళ్ళీ మరగబెట్టినా పోదు. చాలాసేపు బయట ఉంచిన అన్నంలో ఇలాంటి విషం చేరవచ్చు.

మీ ఇంట శుభకార్యం ఉంటే వంటవారికి ఇవి చెప్పండి:

1. అడుగు ట్రేలో మరిగిన నీళ్ళు పోసి, మంట వెలిగించాకే కూర పెట్టాలి.
2. పొగలు వచ్చే కూరనే పోయాలి. మూత వేసి ఉంచాలి.
3. మిగిలిన కూరపై కొత్త కూర కలపవద్దు. ట్రే మార్చండి.
4. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పోయాలి.
5. మండుతున్న డబ్బాలో స్పిరిట్ పోయవద్దు. పగటి వెలుగులో మంట సరిగా కనబడదు. ఒక్కసారిగా ఎగసి ఒళ్ళు కాలుతుంది.
6. వేడి లేకుండా రెండు గంటలు దాటినది పారవేయండి. ఎండాకాలంలో గంటకే పారవేయండి.

ఇంకొక మాట. ఆస్పత్రిలో ఉన్న మీవారికి ప్రేమతో విందు భోజనం క్యారియర్‌లో తెస్తుంటారు. మధ్యాహ్నం వండినది సాయంత్రం వార్డుకు చేరేసరికి గోరువెచ్చగా ఉంటుంది. మీరు తట్టుకున్నది ఆపరేషన్ అయినవారు, బాలింతలు, పసిపిల్లలు, ముసలివారు తట్టుకోలేరు. వారికి అప్పుడే వండిన గంజి, మెత్తటి అన్నమే తెండి. ఏది పెట్టవచ్చో ముందు నర్సును అడగండి.

విందు తరువాత వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. మూత్రం తగ్గినా, మలంలో రక్తం పడినా, తాగినదంతా వాంతి అయినా, మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.