కంప్యూటరుకు ఎన్ని వాట్లు కావాలి?

పాత కంప్యూటరులో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించారు. తెర వెలిగింది. ఆట మొదలుపెట్టిన అయిదు నిమిషాలకు యంత్రం టక్కున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. కార్డు చెడిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కాని చాలాసార్లు లోపం దానికి విద్యుత్తు అందించే పెట్టెలో ఉంటుంది.

ఆ పెట్టెను పవర్ సప్లై అంటారు. దుకాణంలో ఎస్.ఎం.పి.ఎస్. అని అడిగితే ఇస్తారు. ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఇది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు తనకు కావలసిన శక్తిని దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే లాగుతుంది.

ఒక కార్డును తీసుకొని లెక్క వేద్దాం. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు 170 వాట్లు వాడుతుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు గదా! 170ని 12తో భాగిస్తే 14 ఆంపియర్ల పైమాటే. అదే 170 వాట్ల పరికరాన్ని 230 వోల్టుల ప్లగ్గుకు తగిలిస్తే ఒక్క ఆంపియరైనా పారదు. తీగలో పుట్టే వేడి ప్రవాహం వర్గాన్నిబట్టి పెరుగుతుందని మీరు చదివే ఉంటారు. అందుకే ఇంత ప్రవాహాన్ని ఒక్క సన్నని తీగలో పంపరు. మదర్‌బోర్డులో కార్డును గుచ్చే గాడి 75 వాట్ల వరకు ఇస్తుంది. సప్లై నుంచి నేరుగా వచ్చే ఆరు పిన్నుల కేబులు మరో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తాయి. ఆ కేబులు లేదని, పాత డిస్కులకు పెట్టే తీగలకు అతుకు వేసి పని కానివ్వడం ప్రమాదం. పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోవచ్చు.

ఇక మొత్తం లెక్క. ప్రాసెసరు ఇంటెల్ ఐ5-12400 అయితే గరిష్ఠంగా 117 వాట్లు. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, ఫ్యాన్లకు కలిపి ఒక 50 వేసుకుందాం. కార్డుతో కలిపి 337. మరి ఈ కార్డుకు 550 వాట్ల సప్లై ఉండాలని తయారీదారులు ఎందుకంటారు? ఎక్కువ ఖరీదుది అంటగట్టడానికా? కాదు. 170 అన్నది సగటు. దృశ్యం మారే క్షణంలో, సెకనులో ఏ వెయ్యోవంతో, కార్డు అంతకంటె చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపుకు బలహీనమైన సప్లైలోని రక్షణ ఏర్పాటు పనిచేసి, మొత్తం ఆగిపోతుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలలో ఉన్న అంకెను నమ్మి కొనకండి. పక్కన అంటించిన పట్టిక చదవండి. 450 వాట్లని చెప్పుకొనే చవక పెట్టెలో 12 వోల్టుల లైనుకు 25 ఆంపియర్లే రాసి ఉంటే, కార్డుకూ ప్రాసెసరుకూ కలిపి దొరికేది 300 వాట్లే. మిగతాది తక్కువ వోల్టుల లైన్లది. నన్నడిగితే, ఊరూ పేరూ లేని 600 కంటె నికరమైన 550 మేలు.

పాత పెట్టెను విప్పి చూడాలనిపిస్తుంది. వద్దు. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

మరొకటి. పట్టికలోని వాట్లు సప్లై బయటికి ఇచ్చేవి. ప్లగ్గు నుంచి తీసుకొనేది ఇంకా ఎక్కువ. సామర్థ్యం నూటికి 85 అయితే, 340 వాట్లు ఇవ్వడానికి 400 తీసుకొంటుంది. 60 వేడిగా పోతాయి. చాలా ఇళ్ళలో ఉండే 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. ఆట మధ్యలో కరెంటు పోతే, సప్లై ఎంత మంచిదైనా కంప్యూటరు ఆరిపోతుంది.