ఏనుగు తోక వెంట్రుకలో తిండి కథ

“మాస్టారూ, ఏనుగు మన చోళ్లు మేసిందో, అడవిలో వెదురే మేసిందో తోక వెంట్రుక చూసి చెప్పొచ్చా?” పార్వతీపురం వైపు ఏనుగులు చేలమీద పడుతున్నాయని విని, సీలేరు బడిలో ఓ పిల్లాడు అడిగాడు. చెప్పొచ్చు. చెప్పేది మాస్ స్పెక్ట్రోమీటర్.

ప్రకృతిలో వంద కార్బన్ పరమాణువుల్లో ఇంచుమించు ఒకటి కాస్త బరువైనది, కార్బన్-13. చెట్లు, వెదురు, వరి ఆకుల్లోని రూబిస్కో ఎంజైము తేలిక కార్బన్‌నే ఎక్కువగా పట్టుకుంటుంది. చోడి, సామ, మొక్కజొన్న, చెరకు, అడవి గడ్డిలో చాలా రకాలు అంతగా ఏరవు. ఆ తేడా మేతతోపాటు వెంట్రుకలోకి చేరుతుంది. వెంట్రుక రోజుకు ముప్పాతిక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. అర మీటరు వెంట్రుకంటే ఏడాదిన్నర దాటిన తిండి చిట్టా!

వెంట్రుక ముక్కను కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌కు విద్యుదావేశం ఎక్కించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోని అయస్కాంతం మధ్యకు తోలతారు. ఘాట్ రోడ్డు మలుపులో ఖాళీ జీపు చటుక్కున తిరిగితే లోడు లారీ వెడల్పుగా తిరుగుతుంది కదా, అలాగే తేలిక కార్బన్‌తో 44 బరువున్న అణువు ఎక్కువ వంగుతుంది, కార్బన్-13తో 45 అయినది తక్కువ. అయితే వెదురుకీ చోడికీ తేడా నూటికి ఒకటిన్నర పాళ్లే. అణువుల ధార అంతకంటే ఎక్కువే ఊగిసలాడొచ్చు. ఒకదాని తర్వాత ఒకటి కొలిస్తే ఆ ఊగిసలాటలో తేడా కొట్టుకుపోతుంది. 1940ల్లో మిన్నెసోటాలో ఆల్‌ఫ్రెడ్ నీర్ రెండు ధారల్నీ రెండు గిన్నెల్లో ఒకేసారి పట్టాడు. ధార తగ్గితే రెండిట్లోనూ తగ్గుతుంది, నిష్పత్తి మాత్రం చెక్కుచెదరదు. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1992లో రామన్ సుకుమార్, ఆర్. రమేశ్ దక్షిణాది ఏనుగుల ఎముకల్లో ఇదే నిష్పత్తి కొలిచారు. మేసిన గడ్డి వాటాతో పోలిస్తే చెట్ల కార్బనే ఎక్కువ కనిపించింది. చెట్ల మేతలో మాంసకృత్తులు ఎక్కువ కావడం వల్ల కావచ్చన్నారు. ఎముకలో ఏళ్ల తిండి కలగలిసిపోతుంది. వారాల లెక్క కావాలంటే వెంట్రుకే దిక్కు.

“మరి చోడికీ గడ్డికీ తేడా?” పిల్లాడు వదల్లేదు. కార్బన్ ఒక్కటే చూస్తే తెలియదన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “వేసంగిలో గడ్డి మాడిపోతుందిగా! అప్పటి ముక్కలో కూడా గడ్డి కార్బనే ఉంటే?” అన్నాడు.

కెన్యాలోని సంబురులో థ్యూర్ సెర్లింగ్ బృందం వెంట్రుకల్లో రుతువుల వారీగా చదివింది తిండిలోని ఇలాంటి మార్పులనే. 2006లో అచ్చయిన ఆ పరిశోధనలో ఏడు ఏనుగులున్నాయి. ఆరు పల్లపు మైదానంలోనే తిరిగాయి. ఏడోది మౌంట్ కెన్యా అడవికి వెళ్లి వస్తోంది. వెంట్రుకనూ జీపీఎస్ పట్టీ చూపిన దారినీ పక్కపక్కన పెట్టి చూసి, అది పంటచేలమీద పడుతోందని అనుమానించారు.