బండి మీద కెమెరా: కోలారు నుంచి కేజీఎఫ్ దాకా

ఆదివారం పొద్దున 75వ నంబరు హైవే మీద బెంగళూరు వైపు నుంచి బండ్లు గుంపులు గుంపులుగా వస్తుంటాయి. అందరికీ వీపున నల్ల బ్యాగు, అందులో కెమెరా. 2018లో కేజీఎఫ్ సినిమా వచ్చినప్పటి నుంచి ఇది ఎక్కువైంది. ఆ సినిమా కొంత భాగం కేజీఎఫ్ సైనైడ్ దిబ్బల మీదే తీశారు కదా!

వాళ్లకు అది వంద కిలోమీటర్ల దూరం. మనకు పక్క ఊరు. మనలో చాలామంది ఇళ్లల్లో స్కూటీనో బైకో ఉంది, కెమెరానో మంచి ఫోనో ఉంది. రెండూ కలిపి బయల్దేరితే ఏం జాగ్రత్త పడాలో మాత్రం మనకు ఎవరూ చెప్పరు. అందుకే ఈ వ్యాసం.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. నాన్న తమ్ముణ్ణి మేం చిక్కప్ప అంటాం. ఆయన పెళ్లి ఫోటోలు తీస్తారు. శ్రీనివాసపురం, ముళబాగిలు పల్లెలకు బండి మీదే సామాను వేసుకుని పోతారు. ఆయన దగ్గర విన్నవి, నేను చదివినవి కలిపి రాస్తున్నా. చిక్కప్ప లెక్క ప్రకారం బండి మీద కెమెరాకు శత్రువులు ముగ్గురు: అదురు, దుమ్ము, తడి.

అదురు

బండి నడుస్తుంటే రెండు రకాల అదురు ఉంటుంది. గుంతలో పడితే వచ్చే పెద్ద కుదుపు ఒకటి, ఇంజను నుంచి ఆగకుండా వచ్చే సన్న వణుకు ఇంకొకటి. మనం మొదటిదానికే భయపడతాం. నిజానికి రెండోది కూడా తక్కువది కాదు. గంటల తరబడి వణికితే లెన్సు లోపలి చిన్న చిన్న స్క్రూలు వదులవుతాయి.

ఫోను సంగతి ఇంకా ముఖ్యం. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి చెయ్యి వణికినా ఫోటో చెదిరిపోకుండా చూసే ఏర్పాటు ఉంటుంది. దాని కోసం లోపల లెన్సునో సెన్సరునో కదిలేటట్టు అమరుస్తారు. ఇంజను వణుకు ఆ కదిలే భాగాన్ని పాడుచేయగలదు. 2021లో ఆపిల్ కంపెనీయే ఈ విషయం చెప్పింది. పెద్ద ఇంజను మోటార్‌సైకిళ్ల హ్యాండిల్‌కు ఫోను బిగించవద్దని, స్కూటర్లకైతే వణుకు తగ్గించే స్టాండు వాడమని సలహా ఇచ్చింది. కాబట్టి దారి చూసుకోవాలంటే ఆగి, జేబులోంచి ఫోను తీసి చూసుకోవడం మేలు.

మరి కెమెరా ఎక్కడ పెట్టాలి? వెనక క్యారియర్ మీద కట్టేస్తే అదురంతా దానికే. వీపున బ్యాగులో పెడితే మన ఒళ్లే స్ప్రింగులా పనిచేసి కుదుపు తగ్గిస్తుంది. కానీ పడితే గట్టి వస్తువు వెన్నెముకకు తగులుతుంది. అందుకని కెమెరా, ఒక లెన్సు మాత్రం వీపున, స్పాంజి అరలున్న బ్యాగులో పెట్టుకోవాలి. వీపుకు ఆనే వైపు మెత్తటి స్వెట్టరో టవలో ఉండాలి. ట్రైపాడ్ లాంటి గట్టి సామాను వీపున వద్దు, సీటు మీద అడ్డంగా కట్టాలి. కెమెరాకు లెన్సు బిగించి మోయడం కంటే విడదీసి రెండింటికీ మూతలు పెట్టడం మంచిది. బరువైన లెన్సు వేలాడుతుంటే బిగించిన చోట లాగుతుంది.

దుమ్ము

ఇది కేజీఎఫ్‌కు ప్రత్యేకం. అక్కడి దిబ్బలు కొండలు కావు. గనిలోంచి తీసిన రాయిని మిల్లుల్లో పిండి చేసి, సైనైడ్ నీళ్లలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన పొడిని బయట పోశారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేవరకు ఆ గనుల్లోంచి వచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. దిబ్బలుగా మిగిలిన పొడి కోట్ల టన్నులు.

ఆ బంగారం క్వార్ట్జ్ రాతి చారల్లో దొరికేది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్ 7, మామూలు గాజు 5.5 దగ్గర ఉంటుంది. అంటే ఆ పొడి గాజును గీయగలదు. లెన్సు మీద దుమ్ము పడగానే చున్నీ కొనతో తుడిచేస్తాం చూడండి, అది గరుకు కాగితంతో రుద్దినట్టే! ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి, తర్వాత మెత్తటి బ్రష్షు, చివరికే గుడ్డ. నోటితో ఊదితే ఎంగిలి తుంపర పడుతుంది. లెన్సు మార్చే పని ఇంటి దగ్గరే ముగించుకోవాలి. తప్పకపోతే గాలికి వీపు చేసి, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చాలి.

ఇంకో చిన్న కిటుకు. దిబ్బలు లేత రంగులో ఉంటాయి, ఎండలో ధగధగ మెరుస్తాయి. ఎదురుగా ఉన్నది మధ్యస్థంగా వెలుగున్న దృశ్యం అనుకుని కెమెరా లెక్క వేస్తుంది. అందుకే ఫోటో మబ్బు పట్టినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచితే కంటికి కనిపించిన రంగు వస్తుంది.

తడి

వానకు కవరు ఉంటే చాలదు. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారి ఉక్కపోతలోకి తెస్తే చల్లటి గాజు మీద ఆవిరి పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీటిబొట్లు చేరినట్టే. బ్యాగు తెరవకుండా ఒక అరగంట బయట ఉంచి, తర్వాత తీస్తే సరి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా బ్యాగులో వేసుకోండి. కొందరు బియ్యంలో పెట్టమంటారు. బియ్యం పిండి లోపలికి పోతుంది, వద్దు.

మనకోసం కొన్ని

చున్నీ, పైట, జడ, కెమెరా పట్టీ, ఏదీ వేలాడకూడదు. చక్రంలోనో చైనులోనో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. ఇద్దరు పోతే మంచిది, ఒకరు నడిపేటప్పుడు ఇంకొకరు దారి చూస్తారు. ఇంట్లో బయల్దేరే టైము, తిరిగొచ్చే టైము, పోయే ఊళ్లు రాసిపెట్టి పోతే అమ్మానాన్నలు కూడా తొందరగా ఒప్పుకుంటారు (ఇది మాత్రం నేను కనుక్కున్నదే).

"ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అనేవాళ్లకు హోమై వ్యారావాలా పేరు చెప్పండి. మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్. 1913లో పుట్టారు, 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆవిడ చీరకట్టుతో, బరువైన కెమెరా సామాను వేసుకుని ఢిల్లీలో సైకిలు తొక్కుకుంటూ పోయి ఫోటోలు తీసేవారు.

ఒక రోజు దారి

కోలారులో సోమేశ్వర, కోలారమ్మ గుళ్లు పొద్దున్నే చూడండి. రాతి చెక్కడాలకు పక్కనుంచి పడే ఎండే అందం. ఇవి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి కాబట్టి ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అక్కడి నుంచి బంగారుపేట మీదుగా కేజీఎఫ్. ఉరిగాం, ఛాంపియన్ రీఫ్స్, మారికుప్పం చుట్టూ పాత షాఫ్టుల ఇనుప గోపురాలు రోడ్డు మీది నుంచే కనిపిస్తాయి. కంచె దాటి గని ఆవరణలోకి పోకూడదు. ఛాంపియన్ రీఫ్స్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే, ఇది ఆట కాదు.

దగ్గర్లో పెద్దపల్లి ఉంది. పేరు చూస్తేనే తెలుస్తుంది కదా, మన తెలుగు పేరు! అక్కడి అగ్నిపర్వతపు రాళ్లను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. వచ్చేటప్పుడు బేతమంగళం చెరువు. పాలారు మీది ఈ చెరువు నుంచే గనుల ఊరికి నీళ్లు పోయేవి. సాయంత్రం ఎండకు నీళ్లు బాగుంటాయి. తర్వాత ముళబాగిలు మీదుగా హైవే పట్టుకుంటే చీకటి పడేలోపు కోలారు.

దిబ్బ ఎక్కించొద్దు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. చాలామంది వీడియో కోసం బండిని దిబ్బ మీదికి ఎక్కించి దుమ్ము లేపుతారు. చూడ్డానికి సినిమాలా ఉంటుంది, నిజమే. ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? కింద ఉన్న ఇళ్లల్లోకి. ఆషాఢం గాలులు మొదలైతే అసలే అక్కడ బట్టల మీద, తిండి మీద, నీళ్ల మీద పొడి పడుతుంటుంది. దగ్గు, ఆయాసం అని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు. గనుల్లో పనిచేసిన ఎంతోమందికి సిలికోసిస్ వచ్చింది. రాయి తొలిచేటప్పుడు లేచిన క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరిచే జబ్బు అది. లెన్సు మీద పడితే గీతలు పడతాయని మనం అంత జాగ్రత్త పడే పొడినే వాళ్లు పీల్చారు. మన కెమెరాకు బ్యాగు ఉంది, ఆ ఇళ్లకు లేదు. బండి రోడ్డు మీదే ఆపి, కిందినుంచి ఫోటో తీసుకుందాం.

గని మూతపడిందని ఊరు ఖాళీ కాలేదు. చిత్తూరు వైపు నుంచి మన తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు, సేలం నుంచి తమిళులు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇప్పటికీ ఆ చిన్న చిన్న లైను ఇళ్లల్లోనే ఉన్నాయి. వేలమంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. వాళ్ల ఇంటిని "పాడుబడ్డ ఊరు" అని రాసి ఫోటో పెడితే వాళ్లకెట్లా ఉంటుంది? ముందు కెమెరా దించి పలకరించాలి. "అవ్వా, ఒక ఫోటో తీసుకోనా?" అని తెలుగులో అడిగితే అక్కడ చాలామందికి అర్థమవుతుంది. వద్దంటే వద్దు. సరేనంటే, తీసిన ఫోటో ప్రింటు వేయించి ఇంకోసారి పోయినప్పుడు ఇవ్వాలి. పెళ్లి ఇళ్లల్లో చిక్కప్పకు మంచి పేరు రావడానికి కారణం ఇదే అంటారు: తీసిన ఫోటో వాళ్ల చేతికి చేరాలి.

ఈ సెలవుల్లో ఎవరైనా పోయొస్తే మీ ఫోటోలు ఇదే గోడ మీద పెడదాం. ఫోటో కింద ఊరి పేరు, అందులో ఉన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, తెలుగులో రాసి ఇవ్వండి.