మిశ్రవంశీయులు – అస్తిత్వము – మానసికారోగ్యము : కొన్ని హైదరాబాదు నిదర్శనములు

భిన్నజాతులకు చెందిన తల్లిదండ్రులకు జన్మించిన వ్యక్తిని చూచినపుడు “ఇతడు ఎవరివాడు?” అను ప్రశ్న లోకమునకు తోచుట సహజము. ఆ ప్రశ్నను బ్రతుకంతయు వినవలసివచ్చిన వాని మనస్సునందు అది కలిగించు ఫలితమేమి అను విచారము మాత్రము మనలో అరుదుగా జరుగుచున్నది. ఈ వ్యాసమున మేము ఆ రెండవ విషయమును పరిశీలింపదలచితిమి. ఇందులకు దూరదేశముల ఉదాహరణములనే ఆశ్రయింప నక్కరలేదు. హైదరాబాదు నగరమే కావలసినన్ని నిదర్శనముల నొసగుచున్నది.

ఈ నగరమున మోతీనగరు అను పేట కలదు. దానికి ఒకవైపున, అనతిదూరమున, తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన ఫిలింనగరు, జూబిలీహిల్సులు ఉన్నవి. మరియొకవైపున ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఉన్నది. మొదటి చోట ఒకరి ముఖమునకు వేరొకరి కంఠము నమర్చుట నిత్యకృత్యము. తెరపై కనబడు నటి ఒకరు. ఆమె మాటలు పలుకువారు ఇంకొకరు. ప్రేక్షకుడు దానిని దోషముగా నెంచడు. కాని నిజజీవితమున ఒకని ముఖము ఒక దేశమును, పలుకు మరియొక దేశమును సూచించినచో, వానిని నిలిపి ప్రశ్నించువారే అధికము. రెండవ చోటికి మనస్సు నొచ్చినవారు చికిత్సకై వత్తురు. మిశ్రవంశమున పుట్టినవాడు ఆ పుట్టుక కారణముగనే మనోవ్యాధికి చేరువయైనవాడా? ఈ ప్రశ్నను మొదట తేల్చుకొనవలసియున్నది.

అట్లే యని తలచిన పండితులు లేకపోలేదు. 1928లో అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ పార్క్, రెండు సంస్కృతుల సరిహద్దున నిలిచి దేనియందును పూర్తిగా ఇమడలేని వానిని “అంచుమనిషి”గా వర్ణించెను. 1937లో ఎవరెట్ స్టోన్‌క్విస్ట్ ఆ భావమును విస్తరించి ఒక గ్రంథమే రచించెను. మిశ్రవంశీయుడు చంచలచిత్తుడు, ద్వైధీభావముతో బాధపడువాడు అను అభిప్రాయము ఇట్లు శాస్త్రగౌరవము పొందినది. అదే 1937లో, కలకత్తాలో జన్మించిన యురేషియను రచయిత సెడ్రిక్ డోవర్ “హాఫ్ కాస్ట్” అను గ్రంథమున దీనికి ప్రతిపక్షమును వినిపించెను. మిశ్రవంశీయులను గూర్చి ప్రచారమున నున్న అపోహలను ఖండించుటయే ఆ గ్రంథమునకు ప్రధానోద్దేశము.

శుద్ధవంశము అను ఊహ ఎంత నిలకడలేనిదో మన నగరమునందలి పరిశోధనయే చూపినది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమునకు చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనలో, 25 జనసమూహములకు చెందిన 132 మంది జన్యువులను పరీక్షించిరి. భారతీయులలో అత్యధిక సమూహములు రెండు ప్రాచీన జనసంతతుల కలయికవలన ఏర్పడినవని అందు తేలినది. అనగా మిశ్రమము కొందరి విశేషలక్షణము కాదు. అది అందరి పూర్వచరిత్ర. కొందరి విషయమున అది ఇటీవలిది గనుక కంటికి కనబడుచున్నది; తక్కినవారి విషయమున పురాతనమై మరుగుపడినది. ఇంతమాత్రము భేదమునకు మనోవ్యాధిని కారణముగా చెప్పుట పొసగదు. మరి బాధ ఎక్కడినుండి వచ్చుచున్నది? కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ భవనపు కథ దీనికి సమాధానమును సూచించును.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాము ఆస్థానమున ఆంగ్లేయ కంపెనీ రెసిడెంటుగా నుండెను. అతడు హైదరాబాదు ప్రభువంశపు కన్య ఖైరున్నీసాను వివాహమాడెను. వారికి 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగిరి. ఇంట వారిని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలిచిరి. 1805లో, నాలుగేండ్లు మూడేండ్ల వయస్సున, ఆ పిల్లలను చదువునకై ఇంగ్లండునకు పంపిరి. ఓడ ఎక్కుటకు ముందు మద్రాసులో జార్జి చిన్నరీ అను చిత్రకారుడు వారి రూపములను చిత్రించెను. హైదరాబాదు దుస్తులలో నిలిచిన ఆ పిల్లలు ఆ చిత్రమున నేటికిని కనబడుదురు. అదే సంవత్సరము అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. 1806లో లండనులో పిల్లలకు క్రైస్తవ దీక్ష ఇచ్చి, విలియం జార్జి, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టిరి. తల్లి 1813లో చనిపోయినది. పిల్లలు ఓడ ఎక్కిన పిమ్మట ఆమె వారిని మరల చూడలేదు.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. హైదరాబాదులో నున్నంతకాలము ఆ పిల్లలు రెండు వంశములవారు. వారికి అమ్మమ్మ ఉండెను, తండ్రియు ఉండెను. ఒక పేరు మరియొక దానిని తుడిచివేయలేదు. ఓడ దిగినప్పటినుండి వారు ఒకే వంశమువారు కావలసివచ్చినది. పేరు, మతము, ఉడుపు, భాష, తల్లి – ఇన్నియు ఒక్కమారుగా తీసివేయబడినవి. వారి రక్తమునందలి మిశ్రమము సముద్రము దాటుటచే మారలేదు. మారినది చుట్టునున్నవారు అడుగు ప్రశ్న మాత్రమే.

విలియం 1828లో మరణించెను. కిట్టీ అని పిలువబడిన కేథరిన్ 1829లో జేమ్స్ విన్‌స్లో ఫిలిప్స్‌ను పెండ్లాడి, పిల్లలను కని, సంపన్నగృహిణిగా 1889 వరకు జీవించినది. యౌవనమున ఆమెను ఎరిగిన థామస్ కార్లైల్ తన “సార్టర్ రెసార్టస్” గ్రంథమునందలి బ్లూమీన్ అను పాత్రకు ఆమె నుండియే ప్రేరణము పొందెనని పలువురు విమర్శకుల అభిప్రాయము. పైకి చూచినచో ఆమెకు లోటు లేదు. కాని ఒకనాడు స్వాలోఫీల్డ్ అను గ్రామములోని ఒక భవనమున తన బాల్యపు చిత్రము, ఆ చిన్నరీ చిత్రమే, గోడపై కనబడగా ఆమె కన్నీరు పెట్టుకొన్నది. అప్పటికింకను అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో బ్రతికియున్నదని తెలిసినది. ఇరువురి నడుమ ఉత్తరములు నడచినవి. మనుమరాలు ఆంగ్లమున వ్రాసినది. అమ్మమ్మ పారసీకమున వ్రాయించినది. నడుమ అనువాదకులు నిలిచిరి. తల్లిని తరచు తలచుకొనుటను, ఇండియాలో వారితో ఉన్నట్లు కలలు గనుటను కిట్టీ ఆ లేఖలలో తెలిపినది. ఖైరున్నీసా శిరోజముల పాయనొకదానిని అమ్మమ్మ పంపినది. 1847లో ఆ వృద్ధురాలు గతించినది. వారు మరల కలిసికొనలేదు.

దాదాపు నలువది ఏండ్లు మౌనముగా మోసిన ఈ దుఃఖమును “అంచుమనిషి” స్వభావమని అనదగునా? కాదని మా అభిప్రాయము. ఆమెను బాధించినది రెండు వంశములు కలిగియుండుట కాదు. వానిలో నొకదానిని పలుకరాకుండుట. దానిని పలుకుటకు అవకాశము కలిగిననాడు ఆమె చేసిన మొదటి పని అమ్మమ్మకు ఉత్తరము వ్రాయుట. ఇట్టివారి మనస్సు కోరునది ఎన్నిక కాదు, పునస్సంధానము.

కిట్టీకి ఈ ఎన్నికను విధించినది కుటుంబము. ప్రభుత్వమే దానిని విధించిన సందర్భములును ఈ నగరమున కలవు. పాతబస్తీకి దక్షిణమున నున్న బార్కస్ పేట నిజాము సైన్యపు అరబ్బుల నివాసము. సైనికుల “బారక్సు” శబ్దమే ఆ పేరుగా మారినది. యెమెను దేశపు హద్రమౌత్ ప్రాంతము నుండి పురుషులే అధికముగా వచ్చిరి. ఇక్కడి స్త్రీలను వివాహమాడిరి. అట్టి సంతతిని అరబ్బులు “మువల్లద్” అందురు. ఇక్కడ వారు చావుషులుగా ప్రసిద్ధులైరి. మాసబ్ ట్యాంకు చేరువనున్న ఏ.సీ. గార్డ్స్ పేట ఆఫ్రికా అశ్వదళము పేర వెలసినది. అచటి సిద్దీలు కాలక్రమమున స్థానికులతో వియ్యమందిరి. నేటికిని హైదరాబాదు పెండ్లిండ్లలో మ్రోగు మర్ఫా వాద్యము ఈ రెండు సమాజముల కానుక. ఆ పేటలలో మిశ్రవంశమునకు ఒక పేరు, ఒక వీధి, ఒక వాద్యము ఉండెను. “నీవు సగము ఎవరవు?” అని అడుగువారు ఇంటిదగ్గర లేరు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య పిమ్మట స్థితి మారినది. అరబ్బు సైనికులలో అనేకులు నిర్బంధింపబడిరి. కొందరు స్వదేశమునకు పంపబడిరి. అప్పుడు “స్వదేశ” మేది అను ప్రశ్న కలిగినది. తండ్రి హద్రమౌత్ వాడు, తల్లి దక్కనుది, పుట్టినది హైదరాబాదున. అట్టివాడు విదేశీయుడా, పౌరుడా? నిన్నటివరకు ఇంటిమాటగా నున్న వంశము ఒక్కమారుగా దస్తావేజు విషయమైనది. ఇచ్చటను మార్పు వచ్చినది మనుష్యులయందు కాదు, ప్రశ్నయందు.

రాజ్యాంగ నిర్వచనమునందును ఈ చిక్కు కనబడును. 366(2) అధికరణము ప్రకారము ఆంగ్లో-ఇండియను అనగా తండ్రి లేక పితృపరంపరలోని వేరొక పురుషుడు ఐరోపా సంతతివాడై యుండవలెను. దక్షిణ లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, విజయవాడ రైల్వే కాలనీలలో నివసించిన ఈ సమాజమునకు చట్టసభలలో నామినేటెడు స్థానములుండెను. 2019 నాటి 104వ సవరణచే, 2020 జనవరి 25 నుండి అవి కొనసాగలేదు. నిర్వచనము మాత్రము నిలిచినది. దాని ప్రకారము ఆంగ్లో-ఇండియను తండ్రికి, తెలుగు తల్లికి పుట్టిన శిశువు ఆంగ్లో-ఇండియను. తెలుగు తండ్రికి, ఆంగ్లో-ఇండియను తల్లికి పుట్టిన శిశువు కాడు. ఇద్దరి ఇంటను వినబడు పాటలు, వంటలు, మాటలు ఒకటే కావచ్చును. తల్లిద్వారా వచ్చినదానికి లెక్కలో చోటు లేదు.

చలనచిత్రములును ఈ సమాజమును బయటినుండియే చూచినవి. ఆంగ్లో-ఇండియను యువతి ప్రేమను ఇతివృత్తముగా గొన్న మలయాళ చిత్రము “చట్టక్కారి” 1974లోను, దాని హిందీ రూపము “జూలీ” 1975లోను వచ్చినవి. రెంటియందును తెలుగు దర్శకుడు వై.వి. రావు కుమార్తె లక్ష్మియే నాయిక. చొక్కాను సూచించు “చట్ట” నుండి పుట్టిన ఆ శీర్షికాపదము మనిషిని ఉడుపుతో గుర్తించిన పదము. వెలుపలివారు పెట్టిన పేరు మొదట కనబడుదానినే పట్టుకొనును.

ఇంతవరకు చరిత్రనుండి మేము ఊహించినది మనశ్శాస్త్రపరీక్షకు నిలుచునా? “అస్తిత్వ సంక్షోభము” అను భావమును ప్రచారములోనికి తెచ్చిన ఎరిక్ ఎరిక్సను బాల్యమే ఒక దృష్టాంతము. అతని తల్లి డెన్మార్కు యూదురాలు. కన్నతండ్రి ఎవరో అతనికి తెలియదు. సవతితండ్రి ఇంటిపేరుతో జర్మనీలో పెరిగెను. యూదు ప్రార్థనామందిరమున పిల్లలు అతని నీలికన్నులను చూచి పరాయివాడనిరి; బడిలో యూదుడనిరి. 1939లో అమెరికా పౌరుడగునపుడు అతడు ఎరిక్సన్ అను ఇంటిపేరును తానే స్వీకరించెను.

మార్గరెట్ షి, డయానా సాంచెజులు 2005లో పూర్వపరిశోధనల నన్నిటిని సమీక్షించిరి. మిశ్రవంశీయులకు మానసిక సమస్యలధికమని చెప్పిన పరిశోధనలు ఎక్కువగా చికిత్సకు వచ్చినవారిని మాత్రమే పరీక్షించినవి. సామాన్యజనమును పరీక్షించిన వానిలో ఫలితములు అంతకంటె అనుకూలముగా నుండెను. 2009లో సారా టౌన్సెండ్, హేజెల్ మార్కస్, హిలరీ బర్గ్‌సీకరులు మరియొక పరీక్ష చేసిరి. మిశ్రవంశీయులలో కొందరికి ఒకే జాతిని గుర్తింపవలసిన పత్రమును, కొందరికి ఒకటికంటె ఎక్కువ గుర్తింపదగిన పత్రమును ఇచ్చిరి. ఒకదానినే ఎన్నుకొనవలసివచ్చిన వారియందు ఆత్మగౌరవమును, ఉత్సాహమును తగ్గినట్లు తేలినది. ఒక కాగితపు గడికే ఇంత శక్తి యున్నచో, నలువది ఏండ్ల మౌనమునకు ఎంత శక్తి యుండునో ఊహింపవచ్చును. అమెరికా జనగణన 2000 నుండి ఒకటికంటె ఎక్కువ జాతులను గుర్తించు అవకాశమును కల్పించినది.

ఉపాధ్యాయులకు ఈ విచారముతో పనియున్నది. బడిలో చేర్చు పత్రమున “మాతృభాష” అను చోట ఒకే గీత యుండును. తల్లి తెలుగుది, తండ్రి వేరు దేశమువాడు. లేక తండ్రి తెలుగువాడు, తల్లి తెలుగెరుగనిది. అట్టి బాలుడు నేడు హైదరాబాదునను, తెలుగువారు స్థిరపడిన విదేశములందును తరగతిలో కూర్చుండియే యున్నాడు. అతని ఉచ్చారణను చూచి నవ్వినచో, “నీవు తెలుగువాడవేనా?” అని పరిహాసమునకైనను అడిగినచో, అతడు తెలుగును విడువవచ్చును, దానితోపాటు తెలుగు మాటలాడు అమ్మమ్మనో, నాయనమ్మనో విడువవచ్చును. మరియొక భాషను కూడ వ్రాయుమని రెండవ గీత గీసి యిచ్చుట ఉపాధ్యాయుని చేతిలోని పని. ఆ బాలుడు దిగులుతో ముడుచుకొనుట దీర్ఘకాలము కనబడినచో వైద్యసహాయము పొందుట అవసరమే. కాని అతని పుట్టుకను రోగకారణముగా పేర్కొనరాదు.

మన వ్యాకరణము ఈ విషయమున మనకంటె ఉదారమైనది. చిన్నయసూరి బాలవ్యాకరణమున సాంస్కృతిక, ఆచ్ఛిక సమాసములకు సరసన మిశ్రసమాసమునకు చోటిచ్చెను. సంస్కృతపదము తెలుగుపదముతో కలియుట దోషము కాదు. నియమము తప్పి కూర్చినపుడే అది వైరిసమాసమగును. దోషము కూర్పునందు కలదు గాని పదములయందు లేదు. మనుష్యుల విషయమునను మేము చెప్పదలచినది ఇంతియే.