వెనక నిలబడ్డ గిటార్

అట్టంతా నలుపు. దాని మీద బ్యాండు పేరు, ఆల్బమ్ పేరు తప్ప మరేమీ లేవు. 1980 జులై 25న హార్డ్ రాక్ బ్యాండు ఏసీ/డీసీ ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ బయటికొచ్చింది ఇలాగే. ఇంత నలుపేమిటని రికార్డు కంపెనీ గునిసింది. చివరికి బ్యాండు పేరు చుట్టూ బూడిదరంగు గీత గీయించి సరిపెట్టుకుంది. ఆ నలుపు సంతాపానికి గుర్తు. అంతకు ఐదు నెలల ముందే గాయకుడు బాన్ స్కాట్ 33 ఏళ్లకే లండన్‌లో చనిపోయాడు.

అంతకుముందు ఆల్బమ్ ‘హైవే టు హెల్’తో అమెరికాలో అప్పుడప్పుడే తలుపులు తెరుచుకుంటున్న సమయమది. బ్యాండును మూసేద్దామా అని కూడా అనుకున్నారు. కానీ న్యూకాజిల్ నుంచి బ్రయాన్ జాన్సన్‌ను తెచ్చుకుని, బహామాస్‌లో నిర్మాత మట్ లాంగ్‌తో కూర్చుని కొన్ని వారాల్లోనే రికార్డింగ్ ముగించారు. ఆల్బమ్ గంట మోతతో మొదలవుతుంది. పోయినవాడికి అదే నివాళి.

బ్యాండును నడిపిన యంగ్ సోదరులు పుట్టింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో. 1963లో కుటుంబం సిడ్నీకి వలస వెళ్లింది. పదేళ్లకు అక్కడే బ్యాండు పుట్టింది. కుట్టుమిషన్ మీద కనిపించిన అక్షరాలను పేరుగా సూచించింది అక్క మార్గరెట్. తమ్ముడు అంగస్‌కు స్కూలు యూనిఫాం వేయించిందీ ఆవిడే. నిక్కరుతో వేదికంతా గెంతుతూ సోలోలు వాయించే అంగస్ మీదే అందరి చూపూ. అసలు బలం మాత్రం వెనక, యాంప్లిఫయర్ల పక్కన నిలబడే అన్న మాల్కమ్‌ది.

మాల్కమ్ తన గ్రెట్ష్ గిటార్‌లో ఒక్క పికప్ ఉంచి మిగిలినవి పీకేశాడు. లావు తీగలు బిగించాడు. హార్డ్ రాక్ వాళ్లంతా శబ్దాన్ని గరగరలాడించి మందం చేస్తుంటే, అతను ఆ గరగర తగ్గించి కార్డ్‌ను గట్టిగా కొట్టేవాడు, వెంటనే ఆపేసేవాడు. ఆ ఆగడంలోనే ఉంది ఏసీ/డీసీ సంగీతమంతా. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ టైటిల్ పాట వినండి: మూడు కార్డులు, వాటి మధ్య ఖాళీ, ఆ ఖాళీలో ఫిల్ రడ్ డ్రమ్ము ఒక్కటే. మన సంగీతంలో లయను తండ్రి అంటారు. ఈ బ్యాండు ఇంట్లో ఆ తండ్రి స్థానం మాల్కమ్‌ది.

ప్రతిసారీ అదే పాట వాయిస్తున్నారని విమర్శకులు విసుక్కున్నారు. మార్పు తక్కువన్నది నిజమే. కానీ అనవసరమైనదంతా తీసేసి ఒక్క లయను నలభై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలబెట్టడం బద్ధకస్తులకు చేతకాదు. స్టేడియంలో వేలమంది ఒకేసారి తలూపాలంటే లయ ఇంత తేటగా ఉండాలి. వాళ్ల రికార్డులు అంతగా అమ్ముడవడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం.

‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అమెరికా చార్టులో 4వ స్థానం దాటలేదు. అయినా ఒక్క అమెరికాలోనే 2.5 కోట్లకు పైగా అమ్ముడైంది. ఆల్బమ్‌లను ఒక్కో పాటగా విడగొట్టి అమ్మడం ఇష్టంలేక 2012 చివరిదాకా ఐట్యూన్స్‌కు దూరంగా ఉన్నారు. 2008లో ‘బ్లాక్ ఐస్’ను అమెరికాలో వాల్‌మార్ట్ ద్వారా అమ్మి మొదటి స్థానం కొట్టారు.

ఆ ఆల్బమ్ పర్యటనలోనే మాల్కమ్‌ను మతిమరుపు కమ్మేసింది. తను కట్టిన గిటార్ రిఫ్‌లను తనే మళ్లీ నేర్చుకుని వేదికెక్కాడు. 2014లో తప్పుకుంటే ఆ స్థానంలోకి అన్న కొడుకు స్టీవీ వచ్చాడు. 2017 నవంబరులో మాల్కమ్ కన్నుమూశాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి దాచుకున్న రిఫ్‌లను వెలికితీసి అంగస్ 2020లో ‘పవర్ అప్’ చేశాడు. అందులోని 12 పాటలకూ మాల్కమ్ పేరు వేశాడు. అదీ అమెరికాలో నేరుగా మొదటి స్థానానికే వెళ్లింది.