గీజరు లోపలి కావలి

కలకత్తాకు తూర్పున వెలసిన న్యూ టౌనులో, పుష్యమాసపు చలి గట్టిగా పట్టిన యొక యుదయమున, మా స్నానపుగదిలో వేడినీటి కుళాయి త్రిప్పినంతనే, నీటికి ముందుగా చిటపట ధ్వనితో ఆవిరి వెడలినది. గోడనున్న 25 లీటర్ల గీజరులోనుండి కుతకుతమను శబ్దము వినవచ్చుచుండెను. దాని ఎఱ్ఱదీప మారవలసిన వేళ దాటి చాలసేపైనది. వెంటనే కుళాయి కట్టి, తడిచేతులు తుడుచుకొని, వెలుపలి పెట్టెలోని ఎం.సి.బి.ని దింపివేసితిని; తొట్టి చల్లారుటకు సాయంకాలము వరకు పట్టినది.

ఈ యంత్రమునకు గీజరను పేరెట్లు వచ్చెనో తెలిసికొన్నచో ఆనాటి యపాయ మెట్టిదో బోధపడును. 1868లో లండను నగరమున బెంజమిన్ వాడీ మాన్ అను నతడు గ్యాసుమంటతో నీటిని అప్పటికప్పుడు కాచు యంత్రమును నిర్మించి, ఐస్లాండు ద్వీపమున భూమినుండి చిమ్ముకొనివచ్చు గెయ్సిర్ అను నుష్ణజలధార పేరు దానికి పెట్టెను. అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే, 1846లో, జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బున్సెన్ ఆ ద్వీపమునకేగి ఇట్టి ధారలను పరిశీలించియుండెను. పైనున్న జలస్తంభపు బరువుచే అడుగునీరు 100 డిగ్రీలు దాటియు మరుగక నిలుచును; ఆ బరువు కొంచెము సడలినంతనే ఒక్క పెట్టున ఆవిరియై పైకెగయును. మా గోడమీద జరిగినదియు నదియే. మేడపైని ట్యాంకు పది మీటర్ల యెత్తున నున్నచో, తొట్టినీటిపై వాతావరణపీడనమునకు తోడు ఇంచుమించు మరి యంత పీడనము పడును. అట్టి నీరు 120 డిగ్రీల దరిదాపున గాని మరుగదు. కుళాయి తెఱచినంతనే ఆ పీడనము తగ్గును. ఆవిరిగా మాఱిన నీరు తన పూర్వపరిమాణమునకు సుమారు 1,600 రెట్లు వ్యాపించును. సేఫ్టీ వాల్వు పూడిపోయిన తొట్టి పగులుట యిందుచేతనే.

నీటిని కాచుటకంటె, తగినచోట కాగుట మాన్పించుటకే మానవుడు ఎక్కువ శ్రమపడినాడు. 17వ శతాబ్దపు తొలినాళ్లలో డ్రెబెల్ అను డచ్చి పండితుడు, గ్రుడ్లు పొదిగించు పొయ్యిలో వేడి హెచ్చినప్పుడు పాదరసము జరిగి గాలిమూతను తానే కదల్చు నేర్పాటు చేసెను. 1830లో ఆండ్రూ యూర్ అను స్కాట్లండు రసాయనవేత్త, వేడికి చెఱియొక తీరున సాగు రెండు లోహపు రేకులను జోడించి వంగజేసి, ఆ సాధనమునకు థర్మోస్టాటని పేరిడి పేటెంటు పొందెను. పిమ్మట 1896లో పారిసు చెంత తూనికల కొలతల సంస్థలో పనిచేయుచుండిన గిల్యోమ్, ఇనుములో నూటికి 36 వంతులు నికెలు కలిపి, వేడికి దాదాపు సాగని ఇన్‌వారను లోహమును సాధించెను. 1920లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. అనేకమైన గీజర్లలోని థర్మోస్టాటు ఇత్తడి గొట్టములో నుంచిన ఇన్‌వారు కడ్డీయే. 27 సెంటీమీటర్ల గొట్టము 40 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.2 మిల్లీమీటరు సాగును. మూడు వెండ్రుకల మందము! ఆ స్వల్పమైన కదలికయే స్విచ్చును విడదీయును.

మఱునాడు వచ్చిన వంగదేశపు మిస్త్రీ, కరెంటు లేదని టెస్టరుతో రూఢిచేసికొని, క్రింది మూత విప్పెను. నీటి సున్నము గట్టిపడి గొట్టముపై తెల్లని పెచ్చు కట్టియున్నది. లోపలి స్విచ్చు మొనలు నిప్పురవ్వలకు కరగి యొకటితో నొకటి యతుక్కొనిపోయినవి. ఇంతవరకు కాలధర్మము. కాని థర్మోస్టాటు విఫలమైనప్పుడు కరెంటును తెంచవలసిన కటౌటును, అది మాటిమాటికి తెగుచున్నదని కాబోలు, మునుపెవరో రాగితీగతో చుట్టు త్రిప్పి కలిపివేసియున్నారు. పసిపిల్లలున్న యింటిలో అట్టి తీగ నుంచిన చేతిని నేను క్షమింపజాలను. తెగుచున్న కటౌటు చెప్పుచున్న మాటను విని, పెచ్చు తీసి, థర్మోస్టాటు మార్చుటకు మారు, దాని నోరు నొక్కినారు.

తీగ తీసివేసి, రెండు పరికరములను క్రొత్తవి బిగించి, ఎలిమెంటుపై పెచ్చు గీకి, సేఫ్టీ వాల్వు మీట యెత్తి నీరు కారుచున్నదో లేదో చూచినాము. రెండు కిలోవాట్ల ఎలిమెంటు 25 లీటర్లను 20 డిగ్రీలనుండి 60కి తెచ్చుటకు లెక్క ప్రకారము 35 నిమిషములు పట్టవలెను. గడియారము చేతబట్టి గీజరు క్రింద నిలుచుంటిని. ముప్పదియేడవ నిమిషమున టక్కుమని చప్పుడై ఎఱ్ఱదీప మారినది.